పాత గోడ, కొత్త గది, మధ్యలో అతుకు

ఖాళీ స్థలంలో కొత్తగా ఇల్లు కట్టడం కన్నా, మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి ఒక గది కలపడమే కష్టం. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. ఇల్లు ఎలాగూ ఉంది, ఒక పక్క గోడ కూడా సిద్ధంగా ఉంది, ఇంకో మూడు గోడలు లేపి కప్పు వేస్తే గది వచ్చేసినట్టే కదా అంటారు. పైన అటక ఖాళీగా పడి ఉంది, నేల పరిచి మెట్లు పెడితే ఇంకో పడకగది. ఇక ఇంటి చుట్టూ మొక్కలు, గడ్డి, నడవడానికి రాళ్లు, అవన్నీ ఆఖరున, డబ్బులు మిగిలితే.

ఈ వరస మొత్తం తలకిందులుగా ఉందని నా నమ్మకం. ఇలాంటి పనులు దగ్గరుండి చూసుకోవడమే నా వృత్తి. గోడ బీట వారిందనో, చెమ్మ దిగుతోందనో పిలిస్తే వెళ్లి చూసిన ఇళ్లలో, తప్పు కొత్త గది నడిమధ్యలో దొరకడం అరుదు. పాత గోడకు కొత్త గోడ ఆనుకున్న చోట, పాత గోడలోకి కొత్త కప్పు దిగిన చోట, గోడ నేలను తాకే చోట దొరుకుతుంది. గది కట్టడం మేస్త్రీలందరికీ వచ్చు. అతకడం వేరే విద్య. అదనపు గదికి పెట్టే డబ్బులో, సమయంలో, ఆలోచనలో పెద్ద వాటా ఆ అతుకుకే పోవాలి. టైల్సుకూ, ఫాల్స్ సీలింగుకూ, లైట్లకూ మిగిలింది పెట్టుకోవచ్చు.

పునాది నుంచి మొదలుపెడతాను. ఏ ఇల్లయినా కట్టాక కొంత దిగుతుంది. ఇంటి బరువుకు కింది మట్టి నొక్కుకుంటుంది. ఇసుక నేలలో ఈ దిగడం కట్టుబడి సాగుతుండగానే చాలావరకు అయిపోతుంది. బంకమట్టిలో అలా కాదు. మట్టి రేణువుల మధ్య ఉన్న నీరు బయటికి పోతేగానీ మట్టి నొక్కుకోదు, ఆ నీరేమో చాలా నిదానంగా పోతుంది. అందుకే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. పాత ఇల్లు దిగాల్సినంతా దిగి ఎప్పుడో కుదురుకుంది. దాని పక్కన మనం లేపిన గది మాత్రం ఇవాళే దిగడం మొదలుపెడుతుంది. తేడా కొన్ని మిల్లీమీటర్లే కావచ్చు. కానీ ఇటుక గోడకు సాగే గుణం లేదు, ఆ కొన్ని మిల్లీమీటర్లకే చీలుతుంది.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, పాత గోడలో అక్కడక్కడా ఇటుకలు ఊడబెరికి, ఆ ఖాళీల్లోకి కొత్త ఇటుకలు దూర్చి రెండు గోడల్నీ ఒకటి చేస్తారు. పైన ప్లాస్టరింగ్, పుట్టీ, రంగు. చూడ్డానికి బాగుంటుంది. కొన్నాళ్లకు సరిగ్గా ఆ గీత మీదే నిలువుగా బీట వస్తుంది. "ఏం కాదండీ, కోసి మళ్లీ సిమెంటు కొట్టేస్తే పోతుంది" అంటారు. కొడతారు. మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు కొట్టినా వస్తుంది, ఎందుకంటే ఆ బీట పూతలో లేదు, రెండు కట్టడాల కదలికలో ఉంది.

దీనికి నిజాయితీ గల దారులు రెండే. మొదటిది, రెండూ వేర్వేరుగా కదులుతాయని ఒప్పుకుని వాటి మధ్య కావాలనే సందు వదలడం. రెండు, రెండున్నర సెంటీమీటర్ల సందు వదిలి, అందులో నొక్కుకునే బోర్డు పెట్టి, అంచున సాగే సీలెంట్ నింపి, పైన ఒక పక్కకే బిగించిన పట్టీ వేయాలి. కొత్త గది తన పిల్లర్ల మీద తాను నిలబడుతుంది, పాత గోడ మీద ఆనదు. రెండో దారి, కొత్త పునాదిని పాతది కూర్చున్న గట్టి పొర దాకా, లేదా అంతకన్నా మంచి పొర మీదికి తీసుకెళ్లి, దిగుడు ఎంత ఉంటుందో లెక్కగట్టి, అది సరిపోతుందని తేలాక కలిపి కట్టడం. రెండో దారికి ఇంజనీరు తప్పనిసరి. మొదటి దారికి ఉంటే మంచిది. ఈ రెండూ కాకుండా మధ్యలో కట్టేదంతా మనకు మనం చెప్పుకునే ధైర్యం.

ఏ దారి పట్టాలో తెలియాలంటే పాత పునాదిని కళ్లతో చూడాలి. గోడ పక్కన ఒక గొయ్యి తవ్వడం, అంతే. పునాది ఎంత లోతు పోయింది, ఎంత వెడల్పుంది, దేని మీద కూర్చుంది, అది పోసిన మట్టా పుట్టు మట్టా, నీటి ఊట ఉందా, వేర్లు ఉన్నాయా, అన్నీ అందులో కనబడతాయి. పూట పని. ఈ గొయ్యి తవ్వకుండా ఇచ్చిన కొటేషన్‌ను నేను కొటేషన్‌గా లెక్కపెట్టను. గొయ్యి ఒక్కచోటే చాలదు కూడా, రెండు మూలల్లో రెండు రకాల నేల ఉండటం మామూలే. ఇంకో మాట, కొత్త పునాది పాతదాని అడుగు కన్నా లోతుకు పోవాల్సి వస్తే గోడ పొడవునా ఒకేసారి కందకం తవ్వకూడదు. పాత పునాది కింది మట్టి పక్కకు జారిపోతుంది. సుమారు మీటరు చొప్పున ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక మిగతావి తవ్వుకుంటూ పోవాలి. పక్కింటివాళ్ల గోడ దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం, అది మనది కాదు కాబట్టి.

నేల ఎంత నిదానంగా స్పందిస్తుందో తెలియడానికి పీసా గోపురం కన్నా మంచి ఉదాహరణ లేదు. 1173లో మొదలుపెట్టారు. కొన్ని అంతస్తులు లేచాక పని ఆగిపోయి, మళ్లీ 1272లో గానీ మొదలుకాలేదు. ఆ వందేళ్ల విరామంలో కింది బంకమట్టి నొక్కుకుని బలం పుంజుకుంది. ఆ విరామం లేకుండా ఏకబిగిన కట్టి ఉంటే గోపురం అప్పుడే కూలిపోయేదని దాన్ని పరిశీలించిన ఇంజనీర్లు తేల్చారు. మనం ఎవరమూ వందేళ్లు ఆగలేం. కానీ పునాది వేశాక, గోడలు లేచాక, పాతదానితో కలిపే చివరి ముక్కను, పూతను కొంతకాలం ఆపగలం. బరువు పడనిచ్చి, దిగనిచ్చి, తర్వాత అతకడం. కాంట్రాక్టర్‌కు ఇది నచ్చదు, ఇంట్లోవాళ్లకు అసలే నచ్చదు. అయినా అడగాలి.

కాంక్రీటు తీరు కూడా ఇలాంటిదే. దాని బలాన్ని 28 రోజుల లెక్కన కొలుస్తారు, 7 రోజులకు అందులో సుమారు మూడింట రెండు వంతులు వస్తుంది, అదీ నీళ్లు కొడుతూ తడి ఆరకుండా చూస్తేనే. ఎండేకొద్దీ కొంచెం కుంచించుకుపోతుంది. పక్కనున్న పాత కాంక్రీటు ఆ కుంచించుకుపోవడం ఎప్పుడో పూర్తి చేసింది. దానికి తోడు ఎండా చలీ. 10 మీటర్ల పొడవున్న స్లాబు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, అంతే ముడుచుకుంటుంది. ఈ కదలికకు చోటివ్వకపోతే అది తనే చోటు చేసుకుంటుంది.

ఇక పాత గదిని, కొత్త గదిని ఒకటి చేయడానికి మధ్య గోడ తీసేయడం. ఇంటి పనుల్లో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. 230 మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల ఎత్తున్న ఇటుక గోడ మీటరు పొడవుకు సుమారు 1300 కిలోల బరువుంటుంది. అది దాని సొంత బరువు మాత్రమే. దాని మీద స్లాబు, పై అంతస్తు గోడ, కప్పు ఆని ఉండవచ్చు. ఆ బరువంతా ఇన్నాళ్లూ గోడ పొడవునా పరుచుకుని పునాదిలోకి దిగింది. గోడ తీసి బీము పెట్టగానే అదంతా రెండు కొసలకు చేరుతుంది. బీము ఎంత పెద్దదో అందరూ అడుగుతారు. బీము కొసలు ఆనే చోట గోడ నలిగిపోకుండా గట్టి దిమ్మ ఉందా, ఆ రెండు చోట్లా కింద పునాది అంత బరువు మోయగలదా అని అడిగేవాళ్లు తక్కువ. పిల్లర్ల మీద నిలబడ్డ ఇంట్లో మధ్య గోడ తీయడం సాధారణంగా సులువే, గోడల మీదే నిలబడ్డ ఇంట్లో మాత్రం ముందు సపోర్టులు పెట్టకుండా ఒక్క ఇటుక కూడా కదపకూడదు. మీ ఇల్లు ఏ రకమో రంగు చూసి చెప్పలేం. పూత గీకి చూడాలి, ప్లాన్ ఉంటే తీయాలి.

పైన అంతస్తు వేసుకునేవాళ్లకు ఒక భ్రమ ఉంటుంది. పాత పిల్లర్ల నుంచి రాడ్లు పైకి వదిలి ఉన్నాయి కాబట్టి పై అంతస్తుకు అన్నీ సిద్ధంగా ఉన్నట్టే అని. రాడ్డు వదిలింది ఒక ఆశతో. పునాదిని ఆ ఆశకు తగ్గట్టు వేశారో లేదో రాడ్డు చెప్పదు. పైగా అన్నేళ్లు ఎండకూ వానకూ నిలబడ్డ రాడ్డు తుప్పు పట్టి సన్నబడి ఉంటుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రెండు రెట్లకు పైనే. అందుకే తుప్పు కాంక్రీటు లోపలికి పాకితే కాంక్రీటు పగిలి ఊడుతుంది. ఆ రాడ్లకు కొత్త రాడ్లు కట్టి పైకి పోయే ముందు, పాత కాంక్రీటు బలం పరీక్షించాలి, తుప్పు లోతు చూడాలి, పునాది మళ్లీ లెక్కగట్టాలి.

సియోల్‌లో సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ 1995 జూన్ 29న కూలి 502 మంది చనిపోయారు. ముందు నివాస అపార్ట్‌మెంట్ల కోసం వేసిన ప్లాన్‌ను మధ్యలో దుకాణ సముదాయంగా మార్చారు. ఎస్కలేటర్ల కోసం పిల్లర్లు తీశారు, పైన అయిదో అంతస్తు కలిపారు, ఆ అంతస్తులో భోజనశాలలు పెట్టి వేడినీటి గొట్టాలతో మందపాటి నేల వేశారు, కప్పు మీద బరువైన ఏసీ యంత్రాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపారు. ఒక్కో మార్పూ విడిగా చూస్తే చిన్నదే అనిపిస్తుంది. ప్రతి మార్పుకూ పాత కట్టడాన్ని మళ్లీ లెక్కగట్టి ఉంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆపేవారు. ఇల్లు చిన్నది, మనుషులు కొద్దిమంది, అయినా తర్కం అదే. కప్పు మీద తోట పెట్టుకుంటాం అనేవాళ్లతో నేను ఇదే మాట అంటాను. నివాస గదుల నేలను చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల వాడుక భారానికి లెక్కిస్తారు. 30 సెంటీమీటర్ల మందం తడి మట్టి 540 కిలోల దాకా తూగుతుంది. మొక్కలు, కుండీలు, నీళ్లు, మనుషులు దీనికి అదనం. కప్పు మీద తోట మంచి ఆలోచనే, మట్టి బరువు కప్పుకు ముందే తెలిసి ఉండాలి.

అటక విషయానికి వద్దాం. వాలుకప్పు ఉన్న ఇళ్లలో కింద గది సీలింగుకూ పైన పెంకులకూ మధ్య చాలా చోటు ఉంటుంది. దాన్ని గదిగా మార్చుకోవాలని అనిపించడం సహజం. నేల కొనక్కర్లేదు, తోట తగ్గదు. పాతకాలపు కప్పుల్లో, అంటే మందపాటి దూలాలు, వాసాలు వేసి వడ్రంగి అక్కడికక్కడ కోసి అమర్చినవాటిలో, ఇది నిజంగా మంచి అవకాశం. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో ఫ్రాన్స్వా మాన్సార్ బాగా ప్రచారంలోకి తెచ్చిన రెండు వాలుల కప్పు పుట్టిందే పైన మనుషులు ఉండటానికి. కింది వాలు దాదాపు నిలువుగా ఉండి గోడ పని చేస్తుంది, పై వాలు తక్కువగా ఉంటుంది, తల తగలదు. పారిస్‌లో భవనం ఎత్తును కప్పు అంచు వరకే కొలిచే నియమం ఉండటంతో ఆ పైన వచ్చే అంతస్తు చాలామందికి కలిసొచ్చింది. ఆ అటకలు మొదటి రోజు నుంచీ గదులే.

తర్వాత వచ్చిన కప్పులు వేరు. 1950ల్లో అమెరికాలో పళ్లున్న ఉక్కు పలకలతో సన్నటి చెక్కలను బిగించి ఫ్యాక్టరీలో ట్రస్సులు, అంటే కప్పును మోసే త్రికోణపు చట్రాలు, చేయడం మొదలైంది, 1960ల నుంచి బ్రిటన్‌లోనూ అవే వ్యాపించాయి. చెక్క ఆదా, పని వేగం. ఆ ట్రస్సులో అడ్డంగా, ఏటవాలుగా కనిపించే ప్రతి సన్న చెక్కా ఏదో ఒక బలాన్ని లాగడమో నెట్టడమో చేస్తుంటుంది. అటకలో నడవడానికి అడ్డం వస్తోందని వాటిలో ఒకదాన్ని కోస్తే కప్పు వెంటనే పడిపోదు. మెల్లగా కుంగుతుంది, గోడల్ని బయటికి తోస్తుంది. మామూలు ట్రస్ కప్పు అటకను బ్రిటన్‌లో చదరపు మీటరుకు 25 కిలోల సామాను మోయడానికి లెక్కిస్తారు, నివాస గదినేమో 150 కిలోలకు. ఆరు రెట్లు. సూట్‌కేసులు పెట్టిన చోట మంచం, బీరువా, నలుగురు మనుషులు చేరతారు. అందుకే పాత సీలింగు చెక్కల మీద పలకలు పరిచి దాన్ని నేల అనకూడదు. గోడ నుంచి గోడకు, పాతవాటిని తాకకుండా, కొత్త దూలాలు వేయాలి.

ఇక్కడ పనికొచ్చే లెక్క ఒకటుంది. దూలం ఎత్తు రెట్టింపు చేస్తే వంగకుండా నిలిచే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది, వెడల్పు రెట్టింపు చేస్తే రెండు రెట్లే. అందుకే సన్న చెక్క పక్కన ఇంకో సన్న చెక్క కొట్టి "డబుల్ చేశాం" అన్న మాట నమ్మకండి. అయితే ఎత్తయిన దూలం వేస్తే నేల పైకి లేస్తుంది, తల తగిలే కప్పు ఇంకా కిందికి వచ్చినట్టవుతుంది. దాంతో పాటు కప్పు వాలు లోపలివైపు వేడి ఆపే పొర వేయాలి, అదీ పది, పదిహేను సెంటీమీటర్లు తింటుంది. కాబట్టి అటక కొలిచేటప్పుడు ఖాళీగా ఉన్న ఎత్తు కాదు, ఇవన్నీ పోగా మిగిలే ఎత్తు కొలవాలి. కొప్పు కింద 2.2 మీటర్లు ఉందని సంబరపడ్డ ఇళ్లలో ఆఖరికి వంగి నడిచే గది మిగలడం చూశాను. వాళ్లకు ఆ మాట పని మొదలు కాకముందే ఎవరూ చెప్పలేదన్నది నాకు బాధ.

మెట్ల సంగతి ఇంకా నిర్లక్ష్యం. అటక గది ఉచితంగా వచ్చిందనుకుంటారు, కింద ఒక గదిలో కొంత భాగం మెట్లకు పోతుందని గుర్తుండదు. 2.6 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే 19 సెంటీమీటర్ల చొప్పున సుమారు 14 మెట్లు, ఒక్కో అడుగుకు 25 సెంటీమీటర్లు ఇస్తే పొడవు 3 మీటర్లు దాటుతుంది. పైన దిగే చోట తల తగలకూడదు కాబట్టి మెట్లు కొప్పు కిందికే చేరాలి, అంటే గదిలో మంచి చోటంతా అవే తీసుకుంటాయి. నిచ్చెన పెట్టి సరిపెట్టుకుందాం అంటారు కొందరు. మనుషులు పడుకునే గదికి నిచ్చెన పెట్టకూడదు. రాత్రిపూట కింద మంట లేస్తే పొగ ముందు చేరేది అటకకే. మెట్లదారి వంటగదిలోకి కాకుండా నేరుగా బయటికి దారితీయాలి, పొగను గుర్తించే అలారం ఉండాలి, దారి పొడవునా మంటను కొంతసేపు ఆపగల తలుపులు ఉండాలి. వీటికి చోటు లేకపోతే అది గది కాదు, సామాను అటకే, అలాగే ఉంచుకోవాలి.

అటక గోడ పక్కన మూసేసిన చోట్ల గాలి ఆడటం కూడా చూడాలి. కింద నుంచి వచ్చే వెచ్చటి తేమ గాలి చల్లటి కప్పు చెక్కలను తాకితే నీరుగా మారుతుంది, చెక్క కుళ్లుతుంది. వేడి ఆపే పొర ఎంత మందంగా వేస్తే పెంకుల కింది చెక్క అంత చల్లగా ఉంటుంది, అందుకే తేమ ఆపే పొర గదివైపు, గాలి సందు పెంకులవైపు. ఈ రెండూ తారుమారు చేసిన పనులు నేను విప్పించాను.

వెలుతురు గురించి రెండు ముక్కలు. ఇంటి వెనక నాలుగు మీటర్ల గది కలిపితే, అంతకుముందు కిటికీ ఉన్న గది ఇంటి నడిమధ్యకు పోతుంది. కిటికీ పై అంచు ఎత్తుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు వరకే పగటి వెలుతురు పనికొచ్చేంతగా అందుతుందని వాడుకలో ఉన్న లెక్క. 2.1 మీటర్ల ఎత్తు కిటికీకి అది 5 మీటర్లు. ఆ పైన చీకటే. కొత్త గది కోసం పాత గదిని నడవాగా మార్చుకోవడం ఏం లాభం? పాత, కొత్త కలిసే చోట కప్పులో అద్దం పెడితే రెండు గదులకూ వెలుతురు వస్తుంది, కానీ అదే చోట నీటి లీకేజీకీ అవకాశం ఎక్కువ. కొత్త కప్పు పాత గోడను తాకే గీత వెంట గోడలోకి కోసి లోహపు రేకు దూర్చి కప్పు మీదికి మడవాలి, అంచున సిమెంటు మెత్తితే ఒకటి రెండు వానలకే విడిపోతుంది. గోడ పైభాగంలో తాగిన వాన నీరు గోడ లోపలి నుంచే దిగి కొత్త గదిలో బయటపడుతుంది కూడా. ఒకప్పటి బయటి గోడ ఇప్పుడు లోపలి గోడ అయింది, దానికి ఆ సంగతి తెలియదు. నీటిని మళ్లించే పొరను గోడ మందంలోనే పెట్టాలి.

ఇప్పుడు తోట. అందరూ ఆఖరున పెట్టే ఈ పనిని నేను మొదట గీయమంటాను. కట్టమని కాదు, గీయమని. వాన నీరు ఏ వైపు పోవాలి, నేల ఏ ఎత్తులో ఉండాలి, ఏ చెట్టు ఉంచాలి, మట్టి తెచ్చే బండి ఎటు నుంచి రావాలి, ఇవి తేలకుండా గది పునాది ఎత్తు నిర్ణయించడం నాకు అర్థం కాదు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5000 లీటర్ల నీరు దిగుతుంది. గది కలిపితే కప్పు పెరిగింది, నీరు పీల్చే నేల తగ్గింది. ఆ 5000 లీటర్లు ఎక్కడికి పోవాలో కాగితం మీద లేకపోతే గోడ మొదట్లోకి పోతాయి. పునాది కింది బంకమట్టి ఒక వైపు నానుతుంది, ఒక వైపు ఎండుతుంది, ఇల్లు మెలి తిరుగుతుంది.

ఇంటి చుట్టూ నేల వాటం గోడ నుంచి బయటికి ఉండాలి. రాళ్లు పరిచిన నేల, గోడలో చెమ్మ ఆపే పొర కన్నా కనీసం 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. ఇది అందరికీ తెలిసిన నియమమే, అయినా ప్రతిసారీ పాత రాళ్ల మీదే కొత్త రాళ్లు, వాటి మీద టైల్స్ వేసుకుంటూ పోతే నేల ఆ పొరను దాటేస్తుంది. ఇంట్లో గోడ అడుగున పూత పొక్కుతుంది, లోపల మందులు పూస్తారు. బయట ఒక వరస రాళ్లు తీసేస్తే సరిపోయేది. తవ్వడంలోనూ అంతే జాగ్రత్త కావాలి. పీసా గోపురం అడుగు భాగం నేలలోకి దిగిపోయి కనబడటం లేదని 1838లో దాని చుట్టూ నడిచే దారి తవ్వారు. ఊట నీరు ఎగజిమ్మింది, గోపురం ఇంకొంచెం ఒరిగింది. అందం కోసం గోడ మొదట్లో లోతుగా పూలమడి తవ్వేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. చివరికి 1990లో మూసిన ఆ గోపురాన్ని 2001లో తెరవగలిగింది కూడా మట్టి పనితోనే, ఒరగని వైపు కింద నుంచి మట్టిని కొద్దికొద్దిగా తీసి వంపు తగ్గించారు.

వాలు నేలను మెట్లు మెట్లుగా చదును చేసేటప్పుడు మట్టిని ఆపే గోడలు వస్తాయి. మట్టి గోడను నెట్టే తోపు ఆ గోడ ఎత్తు వర్గంతో పెరుగుతుంది. గోడ ఎత్తు మీటరు నుంచి రెండు మీటర్లయితే తోపు నాలుగు రెట్లు, గోడను బోర్లా తోసే బలం ఎనిమిది రెట్లు. మీటరు గోడ బాగా నిలబడిందని అదే మందంతో రెండు మీటర్లు లేపడం ప్రమాదం. ఒకటి ఎత్తుగా కట్టే బదులు దూరం వదిలి రెండు పొట్టివి కట్టడం మేలు. గోడ వెనక కంకర నింపి, అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు వదలాలి, వాటిని అందం కోసం మూయకూడదు. కూలిన ఇలాంటి గోడల్లో చాలావాటిని పడగొట్టింది మట్టి ఒక్కటే కాదు, వెనక నిలిచిన నీరు.

చెట్ల విషయంలో నేను మొండిగా ఉంటాను. వేర్లలో ఎక్కువ భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి పాకి ఉంటుంది. బ్రిటన్ ప్రమాణం ప్రకారం కాండం వ్యాసానికి 12 రెట్ల దూరం వరకు తవ్వకూడదు, బరువు పెట్టకూడదు. 40 సెంటీమీటర్ల కాండానికి అది దాదాపు 5 మీటర్లు. ఇసుక కుప్ప, ఇటుకల దొంతి పోసేది సరిగ్గా ఆ నీడలోనే. మట్టి అదిమిపోయి వేళ్లకు గాలి అందదు, చెట్టు రెండు మూడేళ్ల తర్వాత ఎండితే కారణం ఎవరికీ గుర్తుండదు. పోనీ అడ్డమని కొట్టేద్దామా అంటే, తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోయే బంకమట్టిలో అదీ అంత తేలిక కాదు. పెద్ద చెట్టు అన్నేళ్లుగా నీరు పీల్చి ఆ మట్టిని ఎండబెట్టి ఉంచింది. కొట్టేశాక మట్టి మళ్లీ నీరు పట్టి ఉబ్బుతుంది, పునాదిని పైకి లేపుతుంది. దీనికి విరుద్ధమైనది బ్రిటన్‌లో 1976 కరువులో జరిగింది, బంకమట్టి మీది ఇళ్లు పెద్ద సంఖ్యలో కుంగి బీటలు వారాయి. చెట్టు వయసు, మట్టి రకం, ఇంటి దూరం మూడూ చూసి గానీ గొడ్డలి ఎత్తకూడదు.

పై మట్టిని పని మొదటి రోజే 15, 20 సెంటీమీటర్లు తీసి విడిగా పోయించుకోవాలి. ఇంటి పని అయ్యాక అదే మళ్లీ తోటకు. సిమెంటు, ఇటుక ముక్కలు కలిసిన మట్టిలో గడ్డి కూడా సరిగా రాదు.

ఇంత చెబితే ఖర్చు పెరుగుతుంది కదా అన్న ప్రశ్న వస్తుంది. పెరుగుతుంది. గొయ్యి తవ్వడం, ఇంజనీరు లెక్క, సందు, లోహపు రేకు, మురుగు పైపు, అన్నిటికీ ఖర్చే. దాని కోసం గది కొంచెం చిన్నది చేసుకోమంటాను. అయిదు మీటర్ల గది తప్పుగా కట్టుకోవడం కన్నా నాలుగు మీటర్ల గది సరిగా కట్టుకోవడం మంచిది. కొన్ని ఇళ్లకు అసలు గది కలపవద్దనే నా సలహా. ఉన్న గదుల్లో తలుపు ఒకటి జరిపి, పనికిరాని గోడ ఒకటి తీస్తే అవసరం తీరే ఇళ్లు చాలానే ఉన్నాయి.

అనుభవం ఉన్న మేస్త్రీకి ఇవన్నీ చెప్పాలా అనేవాళ్లూ ఉన్నారు. మంచి మేస్త్రీ చేతి పనిని నేను గౌరవిస్తాను, ఇటుక వరస చూసి కట్టినవాళ్ల శ్రద్ధ చెప్పగలను. కానీ పాత పునాది కింద ఏముందో చేతికి తెలియదు, గొయ్యి తవ్వితేనే తెలుస్తుంది. అందుకే ఒప్పందంలోనే రాసుకోవాలి. ఏ దశకు ఎంత డబ్బు, మూసే ముందు ఎవరు చూడాలి, సందులో ఏం నింపాలి. రాడ్లు కట్టాక, కాంక్రీటు పోయకముందు చూడాలి. పైపులు వేశాక, మట్టి కప్పకముందు చూడాలి. మట్టి కూడా ఒకేసారి పోసి వదలకుండా 15, 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిస పట్టాలి, లేకపోతే కందకం మీద పరిచిన రాళ్లు తర్వాత కుంగుతాయి. మొత్తం సొమ్ములో కొంత భాగం ఒక వానకాలం గడిచాకే ఇస్తామని ముందే చెప్పండి. మంచి పనివాళ్లు దీనికి ఒప్పుకుంటారు.

మూసేసే ప్రతి దశకూ పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీయండి. పునాది లోతు, రాడ్ల మందం, పైపులు పోయిన దారి, వదిలిన సందు ఎక్కడుంది, ఇవన్నీ ఒక కాగితం మీద గీసి, తేదీ వేసి, ఆ ఫోటోలతో కలిపి ఇంటి పత్రాల ఫైలులో పెట్టండి. ఈ ఇంటికి ఇంకెవరైనా ఇంకో గది కలపాలనుకున్నప్పుడు వాళ్లు మొదట అడగాల్సింది ఆ కాగితమే.